అమ్మ రిపోర్టులు ఒకచోట, నక్షత్రాలు మరొకచోట

అమ్మ రక్తపరీక్షల రిపోర్టు వచ్చిన రాత్రి, మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ పక్కనున్న అంకె మామూలు పరిధి కంటే కాస్త పైన కనిపించింది. డాక్టర్‌ను కలవడానికి ఇంకా రెండు రోజులుంది. ఆగలేక చాట్‌బాట్‌ను అడిగాను. ఓపికగా, వివరంగా సమాధానం వచ్చింది. ఆ అంకె దేన్ని సూచిస్తుందో చెప్పింది. ఒంట్లో నీరు తగ్గినా అది పెరగవచ్చని, ఒక్క పరీక్షతో నిర్ణయానికి రాకూడదని చెప్పింది. చివరి వాక్యం దగ్గర నా గుండె గుభేలుమంది. ‘ఆమె మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు కాబట్టి, మూత్రపిండాల పనితీరు తగ్గినట్లు తేలితే మోతాదు గురించి ఆలస్యం చేయకుండా డాక్టర్‌తో మాట్లాడండి.’

అమ్మ మందుల డబ్బా తెచ్చి ఒక్కో మాత్రల షీటూ వెలుతురులో పెట్టి చదివాను. మెట్‌ఫార్మిన్ లేదు. అసలు అమ్మకు షుగరే లేదు. ఆ మాత్ర వేసుకునేది నాన్న.

సంభాషణను పైకి జరుపుకుంటూ పోతే కారణం దొరికింది. నాలుగు నెలల కిందట నాన్న హెచ్‌బీఏ1సీ ఫలితం గురించి అడిగింది అక్కడే. గడిచిన రెండు మూడు నెలల షుగరు సగటును అది ఎలా చెబుతుందో తెలుసుకుంటూ, ఆయన మందుల జాబితా కూడా అతికించాను. ఆ తరువాత అమ్మ మోకాళ్ల నొప్పి, మళ్లీ నాన్న కంటి పరీక్ష, ఇప్పుడు ఈ రిపోర్టు, అన్నీ ఒకే చాట్‌లో. ఇది అమ్మది, అది నాన్నది అని ఎక్కడా గీత గీయలేదు. ‘ఈ మందులు’, ‘ఈ రిపోర్టు’ అంటూ పోయాను. ఆ వాక్యంలోని వైద్యం సరైనదే. మెట్‌ఫార్మిన్ వాడేవారి మూత్రపిండాల పనితీరును నిజంగానే గమనించుకోవాలి. మనిషి ఒక్కరే మారిపోయారు. నన్ను భయపెట్టింది ఆ వాక్యం ఎంత నిబ్బరంగా ఉందన్నదే. అమ్మ మందులు నాకు తెలియకపోయి ఉంటే, దాన్ని ఉన్నదున్నట్లుగా డాక్టర్‌కు చదివి వినిపించేదాన్ని.

నా ఏఐ సంభాషణలను పనుల వారీగా విడదీయడం మొదలైంది ఆ రాత్రే. అది ఒక వారాంతంలో అయిపోతుందనుకున్నాను. కుదురుకునేసరికి దాదాపు మూడు నెలలు పట్టింది.

నేను అనువాదకురాలిని. అప్పట్లో సామాన్య పాఠకుల కోసం రాసిన ఒక ఖగోళశాస్త్ర పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. 2022 నవంబరు చివర్లో చాట్‌జీపీటీ వచ్చిన కొద్ది నెలలకే చాట్‌బాట్‌లు నా పనిలో భాగమయ్యాయి. అనువాదం నేనే చేస్తాను. అర్థం కాని భావనను విడమరిచి చెప్పించుకోవడానికి, ఒక మాటకు ప్రత్యామ్నాయాలు వెతుక్కోవడానికి, మూలంలోది ఏదైనా నా వాక్యంలోకి రాకుండా జారిపోయిందేమో చూసుకోవడానికి వాటిని వాడతాను. అలా వాడుతూ వాడుతూ ఎడమవైపు పట్టీలో నాలుగు వందలకు పైగా సంభాషణలు పేరుకున్నాయి. వాటి పేర్లు చాట్‌బాట్ తనంతట తాను పెట్టినవి. ‘తెలుగు పద సందేహం’, ‘వాక్య సవరణ’, కాస్త కిందకు వెళితే మళ్లీ ‘తెలుగు పద సందేహం’.

పుస్తకం కూడా ఇదే తీరున దెబ్బతింటోందని ఆ వారమే గమనించాను. మూడో అధ్యాయంలో ‘గెలాక్సీ’ అని రాసుకున్నాను. ఐదో అధ్యాయం సరిచూస్తున్నప్పుడు చాట్‌బాట్ ‘పాలపుంతలు’ అని సూచిస్తే, అలసటలో ఒప్పుకున్నాను. ఏడో అధ్యాయానికి ‘నక్షత్రవీధులు’ వచ్చి చేరాయి. పాలపుంత మనం ఉన్న గెలాక్సీకి పేరు. మన పొరుగు గెలాక్సీ ఆండ్రోమెడాను ‘పొరుగు పాలపుంత’ అంటే పాఠకుడు ఏమనుకోవాలి? ఈ సంగతి ఒకసారి చాట్‌బాట్‌తో గంటసేపు చర్చించి తేల్చుకున్నాను కూడా. ఆ చర్చ ఏ చాట్‌లో ఉందో నాకు గుర్తులేదు. కొత్తగా తెరిచిన చాట్‌కు అలాంటి చర్చ జరిగిందనే తెలియదు.

ఈ యంత్రం ఎలా పనిచేస్తుందో కాస్త కుదురుగా చదివాక రెండు ఇబ్బందులకూ మూలం ఒకటేనని అర్థమైంది. మనం ఒక ప్రశ్న పంపిన ప్రతిసారీ, అప్పటివరకు ఆ చాట్‌లో జరిగిన మాటలన్నీ, చాట్‌బాట్ వెనుక ఉండి సమాధానాలు తయారుచేసే మోడల్ ముందుకు మళ్లీ వెళతాయి. వాటికి ఒక హద్దు ఉంది. దాన్ని కాంటెక్స్ట్ విండో అంటారు, టోకెన్లు అనే మాటల ముక్కల్లో కొలుస్తారు. ఆ హద్దులో ఉన్నదే దానికి ప్రపంచం. సంభాషణ బాగా పొడవైతే మధ్యలో ఎక్కడో చెప్పిన ముఖ్యమైన మాట దాని దృష్టి నుంచి జారిపోవచ్చు, పనికిరాని పాత మాట అడ్డం పడవచ్చు. అమ్మ విషయంలో, దాని ముందు ఉండకూడనిది ఉంది. గెలాక్సీ విషయంలో, ఉండవలసింది లేదు. ఈ రెండు వాక్యాలూ ఒక కాగితం మీద రాసుకుని బల్ల ముందు అతికించుకున్నాను. తరువాత చేసిన ప్రతి పనికీ అవే కొలత.

మొదట సులువైన దారి ప్రయత్నించాను. ప్రతి చాట్ పేరు ముందు ‘పుస్తకం’, ‘ఇల్లు’, ‘చదువు’ అని చేర్చుకుంటూ పోయాను. వెతకడం తేలికైంది కానీ సమాధానాలు ఏమీ మెరుగుపడలేదు. పేరు కనబడేది నాకు, మోడల్‌కు దానితో పని లేదు.

అప్పుడు ప్రాజెక్టుల వైపు తిరిగాను. ఆంత్రోపిక్ సంస్థ చాట్‌బాట్ క్లాడ్‌లో ఈ సదుపాయం 2024 జూన్‌లోనూ, చాట్‌జీపీటీలో అదే ఏడాది డిసెంబరులోనూ వచ్చింది. గూగుల్ నోట్‌బుక్‌ఎల్‌ఎం కూడా ఒక్కో నోట్‌బుక్‌కు దాని సొంత పత్రాలు అన్న పద్ధతిలోనే నడుస్తుంది. పైపైన చూస్తే ప్రాజెక్టు ఒక ఫోల్డర్‌లా ఉంటుంది, నేనూ మొదట అలాగే వాడాను. అసలు విలువ మిగిలిన రెండింటిలో ఉంది. ప్రాజెక్టు మొత్తానికి వర్తించే సూచనలు రాసిపెట్టవచ్చు. అందులోని ఏ చాట్‌కైనా అందుబాటులో ఉండే ఫైళ్లు పెట్టవచ్చు.

పాత సంభాషణలను సర్దే ముందు ఖాతా సెట్టింగుల నుంచి మొత్తం సమాచారాన్ని దించుకున్నాను. ఈమెయిలుకు ఒక లింకు వస్తుంది, దానిలో జిప్ ఫైలు, అందులో సంభాషణలన్నీ. ఈ పని ముందుగా చేయడం ఎంత మంచిదైందో తరువాత తెలిసింది. రెండు సాయంత్రాలు కూర్చుని చాట్‌ల పేర్లన్నీ చూసుకుంటూ పోయాను. నిజం చెప్పాలంటే అందులో మూడు వంతులు మళ్లీ ఎప్పటికీ తెరవనివి. వాటిని ఎక్కడా చేర్చలేదు, చెరిపివేయనూ లేదు. పాత చాట్‌లన్నిటికీ ఇల్లు చూపించాలన్న పట్టుదల ఉంటే ఈ పని ఎన్నటికీ పూర్తి కాదు.

మిగిలినవాటికి తొలి ఉత్సాహంలో పద్నాలుగు ప్రాజెక్టులు తెరిచాను. పుస్తకానికే నాలుగు: పదాలు, వాక్య సవరణ, శాస్త్ర సందేహాలు, ప్రచురణకర్తతో ఉత్తరాలు. రెండు వారాలు తిరగకముందే పాత జబ్బు తిరగబెట్టింది. పదాల ప్రాజెక్టులో తేల్చుకున్న మాట సవరణ ప్రాజెక్టుకు తెలియదు. ఒకేచోట ఉండవలసిన విషయానికి నేనే గోడలు కట్టాను. అన్నీ విప్పి, ఒక ప్రశ్న పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను: ఈ రెండు సంభాషణలకూ ముందుగా తెలియవలసిన నేపథ్యం ఒకటేనా? ఒకటే అయితే ఒకే ప్రాజెక్టు. ఒకదాని నేపథ్యం రెండోదాన్ని తప్పుదారి పట్టించేదైతే, రెండూ ఒకే ఇంటివారి విషయాలైనా సరే, వేరు. ఆ లెక్కన పుస్తకం మొత్తం ఒక్కటైంది. ప్రచురణకర్తతో ఉత్తరాలు కూడా అందులోకే వచ్చాయి, ఎందుకంటే ఆ ఉత్తరాల్లో మాట్లాడేది పదాల గురించీ గడువుల గురించీ. అమ్మ, నాన్న మాత్రం రెండు ప్రాజెక్టులయ్యారు.

దీని మీద చెల్లెలికీ నాకూ చర్చ జరిగింది.

‘అక్కా, ఇద్దరివీ ఒకదానిలోనే పెడితే సరిపోతుంది కదా? ఆసుపత్రికి ఇద్దరినీ తీసుకువెళ్లేది మనమే.’

‘మనకు ఇద్దరూ తెలుసు. దానికి మనం ముందు పెట్టిన కాగితం తప్ప ఇంకేమీ తెలియదు.’

‘మందుల పక్కన పేర్లు రాస్తే?’

‘రాస్తాం. హడావిడిలో ఒకరోజు మరచిపోతాం. ఆ ఒక్కరోజే చాలు.’

పేర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. రిపోర్టులు ఎక్కించే ముందు పేరు, ఫోన్ నంబరు, ఆసుపత్రి నమోదు సంఖ్య, చిరునామా తీసివేశాను. మన సంభాషణలను మోడల్ శిక్షణకు వాడుకోవచ్చా అన్న సెట్టింగును ఆపివేశాను. ఇద్దరూ నన్ను నమ్మి ఇచ్చిన కాగితాలు అవి. ప్రాజెక్టును నేరుగా చెల్లెలితో పంచుకునే వీలు ఉన్నా, దానిలోని చాట్‌లు కూడా కనిపిస్తాయని తెలిసి ఆ పని చేయలేదు. అమ్మ గురించి అర్ధరాత్రి భయంతో నేను అడిగిన ప్రశ్నలు కొన్ని అక్కడున్నాయి. వాటిని చెల్లెలు చదవనక్కరలేదు.

ఇక సూచనలు రాయడం. ఎక్కువ సమయం తీసుకున్నదీ, ఎక్కువ ఫలితం ఇచ్చినదీ ఇదే. మొదటిసారి ‘నువ్వు అనుభవజ్ఞుడైన తెలుగు అనువాదకుడివి, శాస్త్ర విషయాల్లో నిపుణుడివి’ అంటూ ఒక పేజీ పొగడ్త రాశాను. దానివల్ల వాక్యాలు బరువెక్కాయి తప్ప మరేమీ జరగలేదు. అప్పుడు ఒక పద్ధతి పట్టాను. చాట్‌బాట్ నాకు నచ్చని పని చేసిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో ఒక వరుస రాసుకున్నాను. మూడు వారాల్లో చేరిన వరుసలే సూచనలయ్యాయి. ఇప్పుడు అవి ఇలా ఉన్నాయి:

‘ఇది ఖగోళశాస్త్ర పుస్తకానికి తెలుగు అనువాదం. పాఠకులు హైస్కూలు స్థాయి విజ్ఞానశాస్త్రం చదివినవారు. పదకోశం ఫైలులో ఉన్న మాటనే వాడు. అందులో లేని పదం వస్తే నీ అంతట నువ్వు నిర్ణయించకు, రెండు మూడు ప్రత్యామ్నాయాలు చూపి ఆగు. నా వాక్యాన్ని తిరగరాయకు, లోపం ఎక్కడుందో చెప్పు. సంఖ్యలను, ప్రమాణాలను మూలంతో పోల్చు. తేడా ఉంటే అన్నిటికంటే ముందు అదే చెప్పు.’

ఆ చివరి సూచన నన్ను ఒక పెద్ద తప్పు నుంచి కాపాడింది. విశ్వం వయసు 13.8 బిలియన్ సంవత్సరాలు అన్నచోట నేను ‘138 కోట్ల సంవత్సరాలు’ అని రాసేశాను. బిలియన్ అంటే వంద కోట్లు, కాబట్టి అది 1,380 కోట్లు. ఒక్క సున్నా ఎగిరిపోతే విశ్వం భూమి కంటే చిన్నదైపోతుంది, భూమి వయసే సుమారు 454 కోట్ల సంవత్సరాలు. బిలియన్లను కోట్లలోకి, మిలియన్లను లక్షల్లోకి మార్చే దగ్గర అనువాదకులు ఎంత జాగ్రత్తగా ఉన్నా కాలు జారుతుంది. అప్పటినుంచి ఆండ్రోమెడా దూరం 25 లక్షల కాంతి సంవత్సరాలు వంటి అంకెలన్నిటినీ రెండుసార్లు సరిచూడమని అడుగుతున్నాను, పక్కన నేనూ లెక్క వేసుకుంటున్నాను.

ఫైళ్ల విషయంలో దురాశకు పోయాను. మొదటి ఏడు అధ్యాయాల మూలం, నా అనువాదం, పాత చిత్తుప్రతులు, పదకోశం, నేను దించుకున్న వ్యాసాలు, అన్నీ ఎక్కించాను. ప్రాజెక్టులు మొదలైనప్పుడు క్లాడ్ విండో 2 లక్షల టోకెన్లు, అంటే సుమారు 500 పేజీల పుస్తకమంత. ఆ పేజీల లెక్క ఇంగ్లీషుకు సంబంధించినది. అదే విషయాన్ని తెలుగులో రాస్తే ఎక్కువ టోకెన్లు పడతాయి, కాబట్టి మన పేజీలు తక్కువే పడతాయి. పైగా ఫైళ్లు పెరిగిపోతే ఈ సేవలు ప్రతి ప్రశ్నకూ అన్నిటినీ చదవవు. ప్రశ్నకు దగ్గరగా ఉన్న ముక్కలను వెతికి వాటినే మోడల్ ముందు పెడతాయి. ఏ ముక్క దొరికితే దానికి అదే సత్యం. నా దగ్గర పదకోశం రెండు ప్రతులున్నాయి. కాంతి ఎరుపు వైపు జరగడానికి పాతదానిలో ‘అరుణ విస్థాపనం’, కొత్తదానిలో ‘రెడ్‌షిఫ్ట్’. ఒకరోజు ఇది, ఒకరోజు అది వస్తుంటే రెండు రోజులు తల పట్టుకున్నాను. తప్పు ఫైళ్లలో ఉందని తెలిశాక చిత్తుప్రతులు, వ్యాసాలు, పాత పదకోశం తీసివేశాను. ఇప్పుడు ఉన్నవి నాలుగే ఫైళ్లు. పదకోశం పేరులోనే తేదీ ఉంటుంది. కొత్తది పెట్టిన నిమిషంలోనే పాతది తొలగిస్తాను.

ఆ నాలుగింటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఒకే ఒక్క పేజీ ఫైలు. దానికి ‘ఎక్కడున్నాం’ అని పేరు పెట్టుకున్నాను. ఒక ప్రాజెక్టులోని చాట్‌లు ఒకదాన్నొకటి ఎంతవరకు చూడగలవన్నది ఒక్కో సేవలో ఒక్కోలా ఉంటుంది. దాని మీద ఆధారపడటం మానేశాను. ఇప్పటివరకు తేలినవి, ఎందుకు అలా తేల్చామో, ఇంకా తేలనివి, తరువాతి పని, ఇవన్నీ ఆ పేజీలో ఉంటాయి. ‘గెలాక్సీ అనే వాడాలి. పాలపుంత మన గెలాక్సీకి మాత్రమే’ అన్నది మొదటి వరుస. ‘ఎందుకు’ అన్న భాగం చాలా అవసరమని అనుభవం మీద తెలిసింది. కారణం రాయని నిర్ణయాన్ని చాట్‌బాట్ మాత్రమే కాదు, నెల తిరిగేసరికి నేనూ ప్రశ్నిస్తున్నాను.

చాట్ ముగిసేటప్పుడు ‘ఈరోజు తేలినవి రాసి ఇవ్వు’ అని అడుగుతాను. మొదట్లో అది రాసినదాన్ని చదవకుండా ఫైలులో చేర్చేశాను. ఒకరోజు మాటల మధ్యలో ‘బ్లాక్ హోల్ బదులు కృష్ణబిలం అంటే ఎలా వినిపిస్తుంది?’ అని అడిగాను, అంతే. సారాంశంలో అది ‘కృష్ణబిలం వాడాలని నిర్ణయించాం’ అని చేరింది. తరువాతి మూడు చాట్‌లు ఆ నిర్ణయాన్ని శ్రద్ధగా అమలు చేశాయి. నేను తీసుకోని నిర్ణయం నా పేరు మీద ఎనిమిదో అధ్యాయం నిండా పరుచుకుంది. అప్పటినుంచి సారాంశం దానిది, ఫైలులోకి వెళ్లే మాట నాది. కొట్టివేతలతో కలిపి ఐదు నిమిషాల పని.

మెమరీ సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. ప్రాజెక్టులు వేరు చేశాక కూడా అమ్మ ప్రాజెక్టులో ఒక సమాధానం ‘మీరు అనువాదకురాలు కాబట్టి పదాల మూలాలు మీకు ఆసక్తిగా ఉంటాయి’ అంటూ మొదలైంది. మన గురించి చాట్‌బాట్ గుర్తుపెట్టుకునే మాటల నిల్వే మెమరీ. ఖాతా మొత్తానికి ఉండే ఆ మెమరీ గోడ దాటి వచ్చిందన్నమాట. నక్షత్రాల దగ్గరి నుంచి ఒక మాట ఇటు వచ్చిందంటే నాన్న మందులు కూడా రావచ్చు. నేను వాడే సేవలో, మెమరీ ఆ ప్రాజెక్టుకే పరిమితం కావాలంటే ప్రాజెక్టు తెరిచేటప్పుడే ఎంచుకోవాలి. రెండు ఆరోగ్య ప్రాజెక్టులనూ అలా కొత్తగా తెరిచి, పాతవి తొలగించాను. ఆ తొలగింపులోనే చేయి జారి, గణాంకశాస్త్రం నేర్చుకుంటున్న ప్రాజెక్టు కూడా పోయింది. ప్రాజెక్టు పోతే అందులోని చాట్‌లు, ఫైళ్లు కూడా పోతాయి. ముందుగా దించిపెట్టుకున్న జిప్ ఫైలు ఉండబట్టి చాలావరకు తిరిగి దక్కింది, చివరి నెల రోజుల పాఠాలు దక్కలేదు.

ఇప్పుడు ఐదు ప్రాజెక్టులు ఉన్నాయి. ఏ ప్రాజెక్టుకూ చెందని చిన్న ప్రశ్నలు బయటే అడుగుతాను, అవి బయటే ఉంటాయి. పుస్తకం పన్నెండో అధ్యాయానికి వచ్చింది. ప్రచురణకర్త దగ్గర చదివిన వ్యక్తి మొదటి పది అధ్యాయాల్లో పదాల తేడాలు మూడే పట్టారు.

అమ్మ ప్రాజెక్టులోని ‘ఎక్కడున్నాం’ పేజీలో ఆమె మందులు, మోతాదులు, ఎప్పటినుంచి వాడుతున్నారు, పరీక్షల తేదీలు, అంకెలు, డాక్టర్‌ను అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయి. కిందటిసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు చెల్లెలు ఆ పేజీని ముద్రించి తీసుకువెళ్లింది. డాక్టర్ దాన్ని పై నుంచి కింద వరకు చదివి, క్రియాటినిన్ మూడు పరీక్షల్లోనూ నిలకడగా ఉందని చెప్పి, ఒక నొప్పి మాత్రను ఆపేయమన్నారు. ఆ సాయంత్రం ఫైలులో ఆ వరుస తీసివేసి, తేదీ వేసి, కారణం రాశాను. చాట్ తెరవవలసిన అవసరం ఆ రోజు రాలేదు.